క్యాబేజీలతో ఓడెక్కిన ధైర్యవంతుడు

ఒక మనిషి ఎన్ని రకాలుగా భయపడగలడో మీలో ఎవరికైనా సందేహముంటే, నేను ఓడెక్కిన రోజు సంగతి వినండి. ఆ రోజు ప్రాణం పోలేదు గానీ, పోతే బాగుండునని అనిపించిన ఘడియలు చాలానే ఉన్నాయి.

ముందు నా ధైర్యం ఏపాటిదో చెప్పాలి. బల్లి కనిపిస్తే ఆ పూట స్నానం వాయిదా వేస్తాను. లిఫ్టులో ఒంటరిగా ఎక్కను. ఎవరైనా తోడుంటే వాళ్ళు మధ్యలో దిగిపోతారేమోనని భయం. బీచ్‌కి వెళ్తే మా ఆవిడ రాజేశ్వరి నీళ్ళలో నిలబడి ఫొటో దిగుతుంది. నేను రోడ్డు మీద నిలబడి తీస్తాను.

అప్పట్లో గాజువాకలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. ఆయనకి కాంట్రాక్టు పోయింది, నాకు కుర్చీ పోయింది. రోజూ పొద్దున్నే అలవాటు కొద్దీ షర్టు తొడుక్కునేవాణ్ణి, వెళ్ళేచోటు లేదని గుర్తొచ్చి విప్పేసేవాణ్ణి. అది చూసి చూసి రాజేశ్వరికి విసుగొచ్చింది.

"ఏటండీ, గోడకేసి సూత్తా కూకుంటే ఉద్యోగం ఊడిపడతాదా? ద్వారకా నగర్లో ఏదో పరీచ్చ పెడతన్నారట. మన మనస్తత్వం సూసి, ఏ పనికి సరిపోతామో కంప్యూటరే సెప్పేత్తాదట."

"తప్పితే?"

"అందులో తప్పడాలుండవంట."

"తప్పడం లేకపోతే అది పరీచ్చ ఎలాగయ్యింది?" అన్నాను, ఎక్కడో మోసం ఉందనే అనుమానంతో.

అయినా వెళ్ళాను. పరీక్ష పెట్టే అమ్మాయి చాలా మర్యాదగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"నిజం చెప్పండి సార్, అంతే చాలు."

"ఈ రిపోర్టు కంపెనీలవాళ్ళు చూస్తారా?"

"మీకు ఇష్టమైతే పంపిస్తాం."

పిరికివాడికి ఉద్యోగం ఎవడిస్తాడండీ? కొత్తవాళ్ళతో మాట్లాడటం ఇష్టమా అని అడిగింది కంప్యూటరు. చాలా ఇష్టమని నొక్కాను. ఎత్తైన చోట్లు? మరీ ఇష్టం. ప్రమాదం ఎదురైతే మీకేమనిపిస్తుంది? 'ఉత్సాహం వస్తుంది' అన్నచోట నొక్కాను. నొక్కేటప్పుడు వేలు వణికి, పక్క జవాబు మీద పడబోయింది కూడా.

రిపోర్టు చూసి ఆ అమ్మాయి నాకేసి జాలిగా చూసింది. "మీలాంటి మనిషి ఇన్నాళ్ళూ లెక్కలెలా రాశారు సార్?"

పోర్టు బయట లంగరేసిన ఓడలకి కాగితాలు, కూరగాయలు అందించే ఏజెన్సీ ఒకటి మనిషి కోసం చూస్తోందట.

"ఓడ పైకి ఎక్కాలా?" అన్నాను.

నేను సరదా పడుతున్నానని అనుకుంది. "ఎక్కాలి సార్. అందుకే మిమ్మల్ని అనుకున్నాను."

కాదనడానికి భయమేసింది. ఏజెన్సీ మేనేజరు రిపోర్టు చదివి, లేచి మరీ కరచాలనం చేశారు. నా చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. అది కూడా ఉత్సాహమే అనుకున్నారు.

మొదటి రోజే లాంచీ ఎక్కించారు. లాంచీ నడిపే ఎల్లాజీ సముద్రంలోనే పుట్టినట్టుండే పెద్దమనిషి. డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి జరుగుతుంటే, తెలిసినవాళ్ళెవరో నన్ను వదిలేసి ఇంటికి వెళ్ళిపోతున్నట్టనిపించింది. దగ్గరికెళ్ళాక చూస్తే ఓడ మా అపార్టుమెంటంత ఉంది. కాకపోతే దీనికి మెట్లు లేవు. పైనుంచి ఒక తాళ్ళ నిచ్చెన వేలాడుతోంది.

"అల మన లాంచీని పైకెత్తినప్పుడు పట్టుకోండి బాబూ," అన్నాడు ఎల్లాజీ. "తగ్గీటప్పుడు పట్టుకున్నారంటే సేతులే మిగుల్తాయి."

సింహాద్రి అప్పన్నని తలుచుకుని పట్టుకున్నాను. అంతలో అల తగ్గింది. లాంచీ కాళ్ళ కిందనుంచి జారిపోయింది.

"ఎక్కండి బాబూ."

"ఎక్కలేను."

"అయితే దిగిపోండి."

"దిగలేను."

"మరేటి సేత్తారు?"

"ఇక్కడే ఉండిపోతాను."

పైనుంచి నావికులు వంగి చూస్తున్నారు. ఒకడు ఫోన్‌తో వీడియో కూడా తీస్తున్నాడు. మళ్ళీ అల వచ్చినప్పుడు ఎల్లాజీ నా నడుం పట్టుకుని, పనసకాయ తెంపినట్టు తెంపి లాంచీలో పడేశాడు. కూరగాయలు లాగడానికి పైనుంచి క్రేన్ వల దింపుతోంది.

ఎల్లాజీ నన్ను చూసి గొంతు తగ్గించాడు. "కాయితాల మీద సంతకం పడాలి గదా బాబూ. ఆ వల్లో కూకోండి. నాను సూత్తుంటాను, పడిపోరు."

క్యాబేజీ బస్తాల మధ్య కూర్చుని టమాటాల పెట్టెని కావలించుకున్నాను. వల గాల్లోకి లేచి గిర్రున తిరిగింది. ఆ కాసేపూ నాకున్న ఏకైక బంధువు ఆ టమాటాల పెట్టే. నిచ్చెన దగ్గర జరిగిందేదీ చూడని కెప్టెన్ సంతకం పెడుతూ నన్ను ఎగాదిగా చూశాడు. దిగేటప్పుడూ ఖాళీ పెట్టెలతో పాటే దిగాను.

మర్నాడు మేనేజరు పిలిచారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం కెప్టెన్ పంపిన సందేశం మురిపెంగా చదివి వినిపించారు. ఒక్క టమాటా కూడా నలగకూడదని సరుకుతో పాటు తనే వలలో కూర్చుని వచ్చాడట మీ ఉద్యోగి, ఇంత బాధ్యత గల మనిషిని ఆ కెప్టెన్ తన జీవితంలో చూడలేదట.

"ఇంక బయట ఆగిన ఓడలన్నీ నీవేనయ్యా. గాలీ వానా అని సూడకు."

ఇక నిజం చెప్పక తప్పలేదు. "సార్, నాకు భయం."

"దేనికి?"

"నీళ్ళంటే. ఎత్తంటే. ఇప్పుడు మీరన్నా."

ఆయన రిపోర్టు వైపు, నా వైపు మార్చి మార్చి చూశారు. "మరి పరీచ్చలో ఆ ముక్క సెప్పలేదేటి?"

"భయమేసింది సార్."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వి, నన్ను ఆఫీసులో లెక్కలు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కంప్యూటరు నన్ను 'మీకు భయమా' అని అడిగినా, నిస్సంకోచంగా 'అవును' అని నొక్కుతాను. రెండుసార్లు నొక్కుతాను. ఒకసారి నొక్కితే నమ్మదేమోనని భయం.