మూడో వరుసలో నాలుగో ఫ్లూట్

కేసముద్రంలో మాది కిరాణా దుకాణం. సరుకు తక్కువైన రోజుల్లో బాపు పై అరల్లో ఖాళీ డబ్బాలు పేర్చేవాడు. బిస్కెట్లవీ, సబ్బులవీ, టీపొడివీ, అన్నీ ముఖం ముందుకు తిప్పి. నిండుగా కనబడే దుకాణంలోకే మనిషి కాలు పెడతాడని ఆయన నమ్మకం. ఎవరైనా పై అరలోది కావాలంటే, అది వేరేవాళ్లకు తీసిపెట్టింది, రేపు ఇస్తామని చెప్పడం నేను ఎనిమిదేళ్లకే నేర్చుకున్నాను. అది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు. వ్యాపారం అనుకున్నాను.

తర్వాత దుకాణం తమ్ముడు చూసుకున్నాడు, నాకు సర్కారు బడిలో డ్రిల్లు సారు ఉద్యోగం వచ్చింది. బ్యాండు కూడా నా మెడకే చుట్టారు. నాకు వచ్చిన సంగీతం, చర్చిలో కీబోర్డు వాయించే ఒక అన్న దగ్గర ఏరుకున్నంతే. బేరం మాత్రం బాగా వచ్చు. బట్టల షావుకారిని పొగిడి యూనిఫాం గుడ్డ తెచ్చాను. మార్కెట్ యార్డులో ఒకాయన్ని బతిమాలి డ్రమ్ములు మోయడానికి ట్రాక్టరు పెట్టించాను. ముప్పయ్యేళ్లు గడిచేసరికి చుట్టుపక్కల మండలాల్లో నన్ను 'బ్యాండు సారు' అంటే తప్ప గుర్తుపట్టేవారు కాదు. ఆ గౌరవం ఎన్ని తిప్పలు పడి సంపాదించానో చెప్పమంటే ఇప్పటికీ సాయంత్రం దాకా చెప్పగలను. ఒక్క సంగతి తప్ప.

మా బ్యాండులో పదహారు ఫ్లూట్లు, నాలుగు వరుసలు. ఒక ఏడు పదిహేనుమందే కుదిరారు. పదహారో పిల్ల నెల్లికుదురు దిక్కు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ఎనిమిదో తరగతి చదివేది. పొడుగు, నిటారు. కవాతులో ఆమె అడుగు చూసి మిగతావాళ్లు అడుగు దిద్దుకునేవాళ్లు. ఊదితే మాత్రం గాలి ముందు, పాట వెనక. రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకుంటే కుదిరేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. కానీ పోటీ పది రోజుల్లో ఉంది. పిల్లను తీసేస్తే మూడో వరుసలో నాలుగో చోట సందు పడుతుంది, వరుసకు మార్కులున్నాయి.

అందుకని ఆమెతో బేరం పెట్టాను. ఫ్లూటు పెదవికి ఆనించు, వేళ్లు ఆడించు, ఊదకు. బదులుగా తెల్ల బూట్లు, టోపీ, మానుకోట దాకా బస్సు, అక్కడ పూరీ. ఈ ఒక్క ఏడే. పిల్ల తల ఊపింది. పదమూడేళ్ల పిల్ల మీద బేరం గెలిచి, మనసులో భుజం తట్టుకున్న ఘనుణ్ని నేను. మరిచిపోయి ఊదుతుందేమోనని ఫ్లూటులో కాయితం ఉండ కూడా కుక్కాను.

మానుకోట పోటీలో మాకే మొదటి బహుమతి. మరుసటి ఏడూ అంతే. మధ్యలో సంవత్సరం పొడవునా తీరిక ఉంది, నేర్పొచ్చు. నేర్పలేదు. బాగా ఊదేవాళ్లకే ఇంకా బాగా నేర్పాను. మూడో ఏడు కాయితం సంగతి మరిచాను. మైదానంలో పిల్లలు వరుసల్లో నిలబడ్డాక గుర్తొచ్చి, గబగబా కాయితం నలుపుకుంటూ ఆమె దగ్గరికి పోయాను. సావధాన్‌లో ఉంది కాబట్టి తల తిప్పలేదు.

"పెట్టుకున్న సార్. పొద్దుగాలనే పెట్టుకున్న. మీరు పరేషాన్ గాకుండ్రి."

నా చేతిలో కాయితం జేబులో వేసుకున్నాను.

ఆ రోజే వాళ్లమ్మ, తండా మాటలో యాడి, వచ్చింది. మిరపకాయలు ఏరే కూలి ఒక పూట మానుకుని, బస్సులు మారి వచ్చిందట. బ్యాండు మొదలయ్యాక తాడు పక్క నుంచి నా దగ్గరికి జరిగింది.

"సారూ, గిన్నిట్ల నా బిడ్డ సప్పుడేది?"

పై అరలో డబ్బా అడిగినట్టే ఉంది. నోరు తనంతట తానే పనిచేసింది.

"గా పైకి పోతున్నది ఇనబడ్తుందా అక్కా? గదే."

అది మొదటి వరుసలో వేరే పిల్ల ఊదుతున్నది. ఆమె చెవి అటు ఒగ్గి, పాట అయిపోయేదాకా కదల్లేదు.

పోయినేడు నేను రిటైరయ్యాను. బడి మైదానంలో సన్మానం పెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు. తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను దగ్గరికి పోయేసరికి ఆ తల్లి పక్క కుర్చీ ఆమెకు ఏదో పాడి వినిపిస్తోంది. మాటలు లేవు, పాట పై వరస ఒక్కటే. ఎక్కడా తప్పు లేదు. "గిది నా బిడ్డది," అని చెబుతోంది. ముప్పయ్యేళ్లలో నేను నేర్పిన పాటను అంత శుభ్రంగా దాచుకున్నవాళ్లు నాకు ఇంకొకరు తెలియదు.

ఇంతలో మైకులో ఎవరో, పాత బ్యాండు పిల్లలంతా ఒక పాట వాయించాలన్నారు. బడి ఫ్లూట్లే తెచ్చి పంచారు. ఆమె పోయి మూడో వరుసలో నాలుగో చోట నిలబడింది. తల్లి కుర్చీ ముందుకు జరుపుకుంది. నేను ఆ పిల్ల వేళ్లనే చూశాను. ఒక్క వేలూ తప్పలేదు. ఛాతీ మాత్రం లేవలేదు. ఊదడం లేదు.

పాట అయ్యాక పక్కకు పిలిచి, ఈ రోజు మీ అమ్మకు నిజం చెప్పేస్తానన్నాను. తప్పు నాదని చెబుతానన్నాను.

"వద్దు సార్. చేన్ల పని జేసుకుంట గూడ మా యాడి గదే పాడుకుంటది. ఇప్పుడు జెప్పి ఏం జేస్తరు? మీరు జెప్పకుండ్రి, నేను జెప్ప."

బేరమంటే మాట వరసకైనా ఒకసారి కాదనాలి. నేను అదీ అనలేదు. వెంటనే ఒప్పుకున్నాను. గుండె తేలికపడింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆ తేలికే.

ఫోటోకు పిలిచారు. తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నా బిడ్డకు విద్దె నేర్పిన్రు సారూ," అంది. శాలువా సర్దుకుని, ముఖం ముందుకు తిప్పి నిలబడ్డాను.