ఫొటోలో ఉందని చెప్పాను

ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు చాలా చిన్నది. వానకు బద్ధకించి, కెమెరాను ఏసీ కారులోనే ఉంచుకుని, పోటీ ముగిసే వేళకు బయటికి తీశాను. మా పోర్ట్ బ్లెయిర్‌లో వానాకాలపు గాలి తగిలితే చల్లటి లెన్సుకు ఇట్టే ఆవిరి పట్టేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. రెండో తప్పునే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది మీకు చెప్పాలి.

అమ్మాయిల కయాక్ పడవల పోటీ అది, ఫొటోలు తీసే పని నాది. గెలిచిన పిల్ల సముద్రం దాటి మెయిన్‌ల్యాండ్ పోటీలకు వెళుతుంది. హోరువానలో నీలం పడవ, పసుపు పడవ పక్కపక్కనే గీత దాటాయి. పసుపు పడవలో ఉన్నది మా తెలుగు చర్చిలో పాటలు పాడే రూతు. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. ప్రతి ఫొటోలోనూ తెల్లటి మసకే. కన్ను కెమెరాకు ఆనించి ఉండడం వల్ల ఎవరు ముందో మామూలు కంటితోనూ చూడలేదు.

జడ్జీలిద్దరికీ మాట కుదరలేదు. ఒకాయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"భయ్యా, తుఫాన్లో డాల్ఫిన్లనే ఫొటో పట్టినోడివి, ఈ వానొక లెక్కా! జల్దీ చెప్పు, ఎవరు ముందు?"

ఒడ్డున జనం నీలం పడవ పిల్ల పేరే అరుస్తున్నారు.

"నీలం సార్. ఫొటో సాఫ్‌గా ఉంది."

"పక్కానా?"

"పక్కా."

చూపించమనలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. అంటే, నా అబద్ధంలో ఆయనకూ వాటా పెట్టాలని చూస్తున్నానా?

ఓడలు ఆగే హాడో జెట్టీలో పనిచేసే రూతు నాన్న అన్యాయమంటూ గొడవకు దిగాడు. ఆ పిల్లే ఆయన చెయ్యి పట్టి లాగింది. "ఊరుకో నాన్నా, అంకుల్ ఫొటోలో ఉందంట. ఫొటో అబద్దమాడతాదేటి?"

మరుసటి ఏడు ఆమె పోటీకి రాలేదు. ఆ ఓటమి వల్లేనా? అడిగే ధైర్యం లేకపోయింది. లెన్సు సంగతి చెప్పి ఉంటే నలుగురూ నవ్వి, సాయంత్రానికి మరచిపోయేవారు. ఆ కాస్త నవ్వును తప్పించుకోవడానికి, ఒక పిల్ల తన కళ్లనే తాను నమ్మకుండా చేశాను.

ఈ మధ్య ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, తండ్రీకూతుళ్లిద్దరికీ చెప్పేశాను. ఆయన నా ముఖం చూడకుండా లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఒక బిడ్డకు తల్లైన రూతు అడిగింది.

"అయితే నేనే గెలిచానా అంకుల్?"

నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు.

నీలం పడవ అమ్మాయికీ ఫోన్ చేశాను. ఆమె విని పెట్టేసింది. పోటీ జరిపినవాళ్లకూ చెప్పాను. ఇప్పుడు ఎవరైనా ఆటల ఫొటోలకు పిలిస్తే ముందు ఇదంతా చెబుతున్నాను. కొందరు వేరేవాళ్లను చూసుకుంటామంటున్నారు. అనడం న్యాయమే. చెప్పిన రోజున మాత్రం నాకు నిద్ర పడుతోంది.