చూడ్డానికొచ్చిన పిల్ల

అరకులో ఓ కంటి ఆస్పత్రిలో నేను చీటీలు రాసే రోజుల్లో, ప్రతి సంత రోజూ ఒక పిల్ల వచ్చేది. పై కొండ ఊరు, ఇంటరు అయిపోయింది. చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని గడప దగ్గరే నిలబడేది.

"నానేటీ ముట్టుకోనక్కా, సూత్తానంతే," అనేది.

కంటి పరీక్షల చదువులో చేరాలని ఆ పిల్ల ఆశ. చేరేముందు డాక్టరు పక్కన నాలుగు రోజులు నిలబడి, ఆ పనెలా ఉంటుందో చూడాలనుకుంది. పాడేరులో అడిగింది, సాలూరులో అడిగింది, ఎవరూ రానివ్వలేదు. మా డాక్టరుగారు తలెత్తకుండానే, "కళ్ళు చూసే చీకటి గదిలోకి పేషెంట్లే రావాలి," అన్నారు. గోడవార ఒక మనిషి నిలబడితే ఆ గదికేం అరుగుతుందో నాకిప్పటికీ తెలీదు.

పిల్ల ఆ మాటే పట్టుకుంది. పై సంతకి నా బల్ల దగ్గరికొచ్చి, "మసగ్గా అగుపడతందక్కా, సీటీ రాయి," అంది. అబద్ధమని తెలిసే రాశాను.

మసకన్నవాళ్ళకి ముందు కంట్లో చుక్కలు వేస్తారు; అవి పడ్డాక కొన్ని గంటలు చూపు ఆనదు. నర్సు వేసేసింది. కంటిపాపలు విప్పారాక లోపలికి పిలిచారు. కాసేపటికి గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. ఆ చేతులు ముందుకి రావడం నేను చూడ్డం అదే మొదలు.

"లోపల ఏటేటున్నాయక్కా? నాకు ఎలుతురు తప్ప ఏటీ అగుపళ్ళేదు."

అంతలో గదిలోంచి డాక్టరుగారి కేక వినిపించింది.

"కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇంక రానక్కర్లేదని చెప్పు."

పిల్ల గడప దగ్గర వంగి, చెప్పుల కోసం చేత్తో వెతుక్కుంది.