అయ్యగారు ప్రార్థించిన ప్లాస్టిక్ గిటారు

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో గిటారు అంటే సినిమా హీరో భుజాన వేలాడే వస్తువే తప్ప, మామూలు మనుషుల ఇళ్ళలో ఉండేది కాదు. నేను నందిగామలో డిగ్రీ చదువుతున్నానన్న పేరుతో రోజూ బస్సెక్కి, అక్కడ దిగి, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి వస్తుండేవాణ్ణి. (మధ్యలో ఏం జరిగేదని దయచేసి అడక్కండి. మా లెక్చరర్లకే అంతుపట్టలేదు.) ఆటలు రావు, పాట రాదు, నలుగురిలో నిలబడి మాట్లాడమంటే నాలుక పిడచకట్టుకుపోయేది. అలాంటి నేను మా చర్చి సంఘంలో కొన్నాళ్ళపాటు గొప్ప వాద్యకారుడిగా చెలామణీ అయ్యానంటే, అందులో నా ప్రమేయం ఆవగింజంతైనా లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బాబాయి ఒకసారి దసరా సెలవులకి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. ఆయన రూమ్మేటెవరో ఊరు మారుతూ వదిలేసి వెళ్ళిన వీడియో గేమ్ అట. పెట్టెలో టీవీకి తగిలించే డబ్బా ఒకటీ, దాంతోపాటు నల్లగా నిగనిగలాడుతూ ఒక గిటారూ ఉన్నాయి. గిటారంటే గిటారు కాదు, ప్లాస్టిక్‌ది. తీగలు లేవు. మెడ మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల్లో మీటలు, తీగలుండాల్సిన చోట పైకీ కిందికీ ఆడే ఒక బద్ద. టీవీలో పాట మొదలవగానే రంగు రంగుల బిళ్ళలు కిందికి జారుతూ వస్తాయి. ఏ రంగు వస్తే ఆ మీట నొక్కి, సరిగ్గా ఆ క్షణానికి బద్దని టక్కున కొట్టాలి. కొడితే పాటలో గిటారు ఖంగుమని మోగుతుంది, తప్పితే ఆ ఒక్క గిటారు ఆగిపోయి మిగతా పాట నడుస్తుంది. అంతే ఆట. బాబాయి తిరిగి వెళ్ళిపోయినా పెట్టె మా దగ్గరే ఉండిపోయింది. కాలేజీ నుంచి రావడం, పుస్తకాలు మంచం మీదికి గిరాటెయ్యడం, గిటారు మెడలో వేసుకోవడం. జీవితంలో మొదటిసారి నాకేదో బాగా వచ్చిందని తెలిసిన సంతోషం ఎంతటిదో, ఏదీ రానివాళ్ళకే అర్థమవుతుంది.

మా నాయనమ్మ ఆ సమయానికి వసారాలో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చునేది. ఆవిడకి టీవీ కనపడదు, గుమ్మంలోంచి నేను మాత్రం కనపడతాను. మనవడి మెడలో గిటారు, మనవడు కొడితే మోగుతోంది, ఆపితే ఆగుతోంది. ఇంకేం కావాలి? ఒకరోజు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, "ఒరే, అయ్యి దొరలు పాడుకునే కీర్తనలేనా?" అని అడిగింది. పాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి మరి. అవి కీర్తనలు కావనీ, ఆ పాడేవాళ్ళ జుట్టూ వాలకమూ చూస్తే నువ్వు హడలిపోతావనీ చెప్పాను. "పోనీలే, భాష తెలవకపోయినా భక్తి తెలుస్తందిలే" అని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ఆదివారం గుడికి తీసుకెళ్ళి అయ్యగారితో ప్రార్థన చేయించాలి. (చర్చిని మేం గుడి అనీ, పాస్టరు గారిని అయ్యగారనీ అంటాం.) మోటారు సైకిళ్ళ తాళాలు, కుట్టు మిషన్లు, ఒకసారైతే మిరపచేలో మందు కొట్టే స్ప్రేయరు కూడా ప్రార్థన చేయించుకుని వెళ్ళింది. ఆ ఆదివారం ఆరాధన అయిపోతుండగా మా నాయనమ్మ కింద పరిచిన పట్టా మీంచి లేచి, కొత్త తువ్వాలులో చుట్టిన పొడుగాటి మూటతో ముందుకి నడిచింది. మూట ఆకారం చూడగానే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. అయ్యగారు గిటారు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, "ఈ వాయిద్యమును, దీనిని వాయించు యౌవనస్థుని హస్తములను నీ మహిమ కొరకు ప్రత్యేకించుచున్నాము" అని ప్రార్థించి, "రాబోయే క్రిస్మస్ ఆరాధనలో మన బిడ్డ దీనితో వాయిస్తాడు" అని ముగించారు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. ఆమేన్ అన్నాక ఇక దానికి తిరుగులేదు.

నేను పరుగెత్తుకెళ్ళి, "అయ్యగారూ, దీనికి టీవీ కావాలండి" అన్నాను. ఆయన నవ్వి, "గుడిలో టీవీ ఎందుకు నాయనా, మైకు పెట్టిస్తాలే" అన్నారు. ఇంటికొచ్చి నాయనమ్మని కూర్చోబెట్టి, అది బొమ్మ గిటారనీ పాట టీవీలోంచి వస్తుందనీ విడమరిచి చెప్పాను. "నాకు చెప్పొచ్చావులే. నువ్వు ఆపినప్పుడల్లా గిటారు ఆగిపోద్దిగా, నా చెవుల్తో నేను విన్లా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మనింట్లోంచి ఒక్కళ్ళన్నా ఆ వాయిద్యాల కాడ కూర్చోవాలని నా ఆశ రా. మీ తాతకి గొంతు లేదు, మీ నాన్నకి తీరిక లేదు, మీ బాబాయికి భక్తి లేదు. ఇన్నేళ్ళూ ఎవురెవురి పిల్లలో వాయిస్తంటే చప్పట్లు కొట్టా. ఈసారి నా మనవడికి కొట్టుకుంటా" అంది. పరువు పోతే నాది పోతుంది, కాలేజీ కుర్రాడికి అదేమంత పెద్ద విషయం కాదు. ఆవిడ ఆశ పోతే మాత్రం ఎక్కడినుంచి తెచ్చేది?

సంఘంలో కీబోర్డు వాయించే అన్నయ్యకి (సొంత అన్న కాదు, అందరం అలాగే పిలుస్తాం) మొర పెట్టుకున్నాను. ఆయన గిటారు తిరగేసి, బోర్లేసి, వైరుని మైకు సెట్టులో దూర్చబోయి, "పిన్ను పట్టట్లేదురా" అన్నాడు. ఇద్దరం దాన్ని తీసుకుని నందిగామ బయల్దేరాం. బస్సులో కండక్టరు, "టికెట్టు తర్వాతిస్తా గానీ తమ్ముడూ, ముందో పాట కొట్టు" అన్నాడు. బస్సంతా నావైపు తిరిగింది. నేను కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ నందిగామ దాకా తల తిప్పలేదు. అక్కడ రేడియోలు బాగుచేసే షాపతను గిటారు విప్పి చూసి, "ఇందులో అసలు సౌండే లేదు బాబూ, ఉన్నయ్యన్నీ మీటలే" అని మళ్ళీ బిగించి ఇచ్చేశాడు. తిరుగు బస్సులో దిగులుగా నేను ఆ బద్దని టకటకలాడిస్తుంటే కీబోర్డన్నయ్య చెవి రిక్కించి, "అరె, తాళం భలే పడుతుందిరా! దాని దగ్గర మైకు పెడదాం. నా కీబోర్డు పాట, నీది టక్కుటక్కు. ఎవరడుగుతారు?" అన్నాడు.

క్రిస్మస్ నాడు గుడి కిక్కిరిసిపోయింది. నేను వేదిక మీద నిలబడ్డాను. పాట మొదలైంది, చేతులు బిగుసుకుపోయాయి. ఎదురుగా జారే రంగుల్లేకుండా నాకు కొట్టడం ఎక్కడ వచ్చు? గాభరాగా తలెత్తితే ఎదురుగా ఆడవాళ్ళ వరసలు. పండగ చీరలు. ఆకుపచ్చ చీర ఊగింది, ఆకుపచ్చ మీట నొక్కాను. ఎర్రచీర, ఎర్రమీట. పసుపు, నీలం, మళ్ళీ ఎరుపు. వాళ్ళు చప్పట్లతో ఊగుతున్నారు, నేను చీరల్ని వాయిస్తున్నాను. మైకులోంచి టకటకమని తాళం గుడంతా నిండింది.

సరిగ్గా రెండో చరణంలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, మైకు మూగబోయింది. (అన్ని మోతలూ కీబోర్డులోనే ఉన్నాయి కదా అని మావాళ్ళు డోలక్కి తోలు వేయించడం ఎప్పుడో మానేశారు.) పాట తడబడింది, ముందు వరసలు ఒక చోట, వెనక వరసలు ఇంకో చోట. నా చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ ఆటలో ఏం జరిగినా ఆపకూడదని అలవాటైపోయిన చెయ్యి అది. ఆ నిశ్శబ్దంలో ప్లాస్టిక్ బద్ద చప్పుడు చివరి పట్టా దాకా వినపడింది. ముందు పిల్లలు దాన్ని అందుకున్నారు, తర్వాత ఆడవాళ్ళ చప్పట్లు దాని మీద వచ్చి పడ్డాయి, ఆపైన అయ్యగారు కూడా చేతులెత్తి అందుకున్నారు. మా నాయనమ్మ లేచి నిలబడి, పక్కవాళ్ళకి మోచేతులు తగులుతున్నా లెక్కచేయకుండా కొట్టింది చప్పట్లు. నాకు నవ్వాగలేదు. పాట అయ్యేదాకా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూనే వాయించాను.

బయట ప్లేట్లలో బిర్యానీ పెడుతుంటే నాయనమ్మ అందర్నీ ఆపి మరీ చెప్పింది: "చూసారా, అంత ఖరీదు పెట్టి కొన్న కీబోర్డు కరెంటు పోంగానే ఆగిపోయింది. మావోడిది ఆగలా!" కీబోర్డన్నయ్య పక్కనే ముక్క నములుతూ, "నిజమే మామ్మా" అని తలూపాడు. అలాంటి పెద్దమనసు మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ ధైర్యంతోనే తర్వాత ఎప్పుడో విజయవాడలో ఉద్యోగం వచ్చాక అసలైన గిటారు కొని, గురువు దగ్గర నేర్చుకున్నాను. వేళ్ళు కాయలు కాశాయి. తీగలు మీటడం వచ్చింది, స్వరాలు రాసుకోవడం వచ్చింది. పోయినేడు మా గుడిలో ఆ గిటారుతో వాయిస్తే, ఒక్క తప్పు పోలేదని కీబోర్డన్నయ్యే అన్నాడు. నాయనమ్మకి అప్పటికే చూపు తగ్గిందని ముందు వరసలో కుర్చీ వేశారు. ఎలా ఉందని వెళ్ళి అడిగాను. నా వేళ్ళ చివర్లు తడిమి చూసి, "బానే ఉందయ్యా. బాగా నేర్చావు" అంది. నా చెయ్యి వదలకుండానే, "కాకపోతే అప్పుడు నవ్వుతా వాయించేవోడివి. ఇప్పుడేందిరా, పరీచ్ఛ రాస్తన్నట్టు మొహం పెట్టావు?" అంది.

ఇంటికొచ్చి గిటారు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఆవిడ చెప్పింది నిజమే. అద్దంలో ఒక పెద్దమనిషి కనుబొమలు ముడేసుకుని, తప్పు పోతుందేమోనని వేళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఏమీ రాకుండానే గుడంతా ఊపేసిన ఆ కుర్రాడి ముందు వీడెంత అనిపించింది. అలా అనిపించగానే మాత్రం, చాలారోజుల తర్వాత, గిటారు చేతిలో ఉండగా నవ్వొచ్చింది.