పిట్ట కిలోమీటరు

బస్సు డిపో గేటు పక్కన అద్దాల గదిలో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న టైమ్ కీపర్‌ని డ్రైవర్లంతా గడియారమ్మ అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది? గడియారాలు కూడా ఆవిడని అడిగే టైము సరిచేసుకుంటాయని వాళ్ల వేళాకోళం. ఆరూ పదికి కదలాల్సిన బస్సు ఆరూ పదకొండుకి కదిలిందా, ఆ డ్రైవరుకి మూడినట్టే. ఏదైనా బస్సు మొరాయించిందని షెడ్డు నుంచి చీటీ వస్తే, ఆ ట్రిప్పు మీద ఎర్రగీత కొట్టి, అందులో ఎక్కాల్సిన జనాన్ని ముందు బస్సుకీ వెనక బస్సుకీ సర్దేస్తుంది. దానికి అర నిమిషం చాలు. ఆ పనిలో ఆవిడకి తిరుగులేదు. చివరికి ఆ తిరుగులేనితనమే ఆవిడ కొంప ముంచింది.

ఆవిడకో చెల్లెలు. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ పిట్టే. రెండు గంటల దూరంలో వేరే ఊళ్లో కళ్లజోళ్ల షాపులో పని. రోజూ పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాకే షాపు తాళం తీసేది. ఇంట్లో కాలు నిలవని మనిషి. అలాంటి పిట్టకి రక్తంలో ఏదో జబ్బు వచ్చి మంచం పట్టింది. పడుకుని ఊరుకుందా? రిలే పెట్టుకుందామంది. ఎవరి ఊళ్లో వాళ్లు పరుగెత్తాలి. ఒకరి వంతు అయిపోగానే ఫోన్ గ్రూపులో "ఇదిగో, అందుకో" అని మాట రికార్డు చేసి పంపాలి. అది వినగానే తర్వాతివాళ్లు కదలాలి. ఆరుగురు, ఇరవై అయిదు కిలోమీటర్లు.

"మీరు పరుగెత్తండి. నేను మా వీధిలో ఒక్క కిలోమీటరు నడుస్తా. అక్కా, టైములన్నీ నువ్వే వెయ్యాలి. చివరి మూడు కిలోమీటర్లూ నీవే," అంది ఫోన్‌లో.

"నేనా? నా మోకాళ్లు చూశావుటే?"

"వాటి పరుగు చూడాలనే."

గడియారమ్మ పైకి విసుక్కుంది గానీ లోపల పొంగిపోయింది. ట్రిప్ షీటు వెనక గీతలు గీసి పట్టిక వేసింది. ఆరింటికి తమ్ముడు, అయిదు కిలోమీటర్లు. తర్వాత పిట్ట స్నేహితురాళ్లిద్దరూ, తలా ఆరు. తర్వాత మరిది, అంటే పిట్ట మొగుడు, నాలుగు. ఎనిమిదీ ఇరవైకి పిట్ట. ఆ వెనక తను. బూట్లు కొనుక్కుని, డ్యూటీ దిగాక డిపో చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. డ్రైవర్లు హారన్లు కొట్టి మరీ ఏడిపించేవాళ్లు. ఆ ఒక్క కిలోమీటరూ నడిచిందంటే పిట్ట కోలుకున్నట్టేనని ఆవిడ ఎవరికీ చెప్పకుండా నమ్మేసింది.

రిలేకి ఇంకా రెండు వారాలుందనగా, ఒక సోమవారం డ్యూటీలో ఉండగా మరిది ఫోన్ చేశాడు.

"వదినా, తను లేచి నిలబడలేకపోతోంది. మంచం దిగనివ్వొద్దన్నారు డాక్టరు."

గేటు దగ్గర రెండు బస్సులు ఆగి ఉన్నాయి. కండక్టరు అద్దం మీద తడుతున్నాడు. గడియారమ్మ ఫోను పెట్టేసి, పట్టిక తీసి, పిట్ట వరస మీద ఎర్రగీత కొట్టింది. ఆ కిలోమీటరు మరిది వాటాకి కలిపి నాలుగుని అయిదు చేసింది. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, బస్సుల్ని వదిలింది. అంతా అర నిమిషం. దుర్మార్గం కాదు, అలవాటు. గుండె కంటే చెయ్యి ముందు నడిచే ఉద్యోగం అది. గ్రూపులో పిట్ట కూడా ఉందన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు.

పది నిమిషాలకి పిట్ట దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది. "అక్కా, నన్ను అప్పుడే తీసేశావా?"

గడియారమ్మ ఇరవై రెండేళ్లలో మొదటిసారి డ్యూటీ మధ్యలో లేచి, తను వదలాల్సిన బస్సే ఎక్కి వెళ్లింది.

పిట్ట కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. చిక్కి సగమైంది. పక్కనున్న స్టూలు మీద మందులు, మూత తియ్యని పళ్లరసం సీసా.

"తప్పయిపోయిందే. పనిలో ఉండి..."

"బస్సు పాడైందన్నారు, కొట్టేశావు. అంతేగా." నవ్వబోయిన పిట్టకి దగ్గొచ్చింది.

"నువ్వు నడవలేవని మరిదే చెబితే..."

"నడవలేకపోతే ఆ మాట నేను చెప్తా. నువ్వు చెప్పకు. నా కిలోమీటరు నాకిచ్చెయ్యి."

గడియారమ్మ సంచీలోంచి కాగితం తీసి, పట్టిక మళ్లీ వేసింది. ఎనిమిదీ ఇరవైకి పిట్ట మొదలు. ముగింపు గడిలో ఎంత రాయాలో తోచక చెల్లెలి మొహంలోకి చూసింది.

"అక్కడేం రాయకు," అంది పిట్ట. "ఎంతసేపు పడితే అంత."

గడి ఖాళీగా వదిలి పట్టిక పంపడం ఆవిడ బతుకులో అదే మొదలు.

పది రోజులకి, రిలే ఇంకా మూడు రోజులుందనగా, పిట్ట పోయింది.

ఆపేద్దామన్నాడు తమ్ముడు. పిట్ట ముచ్చటపడి పెట్టుకున్నది, ఆపొద్దన్నాడు మరిది.

"తన కిలోమీటరు కూడా నేనే పరుగెడతా వదినా."

"వద్దు. అది దానిది. దాని జోలికి ఎవరూ పోవద్దు," అంది గడియారమ్మ.

ఆదివారం అందరూ ఏడుస్తూనే పరుగెత్తారు. విచిత్రం, ఒక్కరూ ఆలస్యం కాలేదు. ఎనిమిదీ పద్దెనిమిదికి మరిది తన ఇంటి ముందు ఆగాడు. "ఇదిగో" అన్నంతవరకే రికార్డు చేసి పంపాడు. ఆ తర్వాత గ్రూపులో చప్పుడు లేదు.

డిపో గేటు బయట గడియారమ్మ బూట్లు తొడుక్కుని, ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిదిన్నర అయింది. ఎనిమిదీ నలభై అయింది. ఒక డ్రైవరు బస్సు ఆపి, "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. చేత్తోనే వెళ్లమంది. ఆ బస్సు ఎన్నింటికి కదిలిందో కూడా చూసుకోలేదు. తొమ్మిది దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇంకా మొదలుపెట్టలేదేం? నీ మూడూ అయితే ఇంక అయిపోయినట్టే కదా."

అయిపోతుందనే ఆవిడ భయం.

"పిట్ట ఇంకా ఇవ్వలేదురా," అంది.