చిరుగు ఆకుల పాఠం

రావులపాలెంలో మా పెరటి అరిటాకులు కోసుకెళ్లి హోటళ్లకు వేసే తలుపులమ్మంటే నాకు ఒళ్లు మంట. దాచడమెందుకు, అసూయే. నేను బీఎస్సీ చదివాను. అరవై ఏళ్ల ఆవిడది వేలిముద్ర.

మా అమ్మాయి దుర్గాశ్రీకి గుండె బలహీనం. రెండువేల ఒకటిలో డాక్టరుగారు ఏడాదిపాటు బడి మాన్పించమన్నారు. తిరిగి జూన్‌లో ఐదో తరగతిలో చేర్చుకోవాలంటే ఇంగ్లీషు మాటల మీద పరీక్ష పెడతామనీ, తప్పితే మళ్లీ నాలుగులోనే కూర్చోవాలనీ హెడ్మాస్టరుగారు తేల్చేశారు. అందుకని రోజుకు పది మాటలు అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో రాసి నేనే వల్లె వేయించేదాన్ని. పొద్దున చెప్పినవి సాయంత్రానికి ఒక్కటీ ఉండేవి కాదు. గట్టిగా అడిగితే మూతి బిగించుకునేది మొండిఘటం.

ఒకరోజు పెరట్లో నవ్వులు వినిపించి వెళ్లి చూశాను. తలుపులమ్మ మంచి ఆకులు కట్టలు కట్టుకుంటూ, అమ్మకానికి పనికిరాని చిరుగు ఆకులు పిల్ల ముందు పడేస్తోంది. పిల్ల చీపురుపుల్లతో వాటి మీద గీస్తోంది. కాసేపటికి గీతలు నల్లబడి అక్షరాలు తేలుతున్నాయి.

"ఇదేంటి పాపగారూ?"

"హార్వెస్ట్. అంటే కోత."

"అయితే నేను రోజూ చేసేది అదేనన్నమాట."

"అవును. ఏదీ, నువ్వను మామ్మా."

తలుపులమ్మ నోరు తిరిగేదాకా పిల్ల వదల్లేదు. ఆ వారంలో నేను నెలరోజులు మొత్తుకున్నా రాని ముప్పై మాటలు దానికి వచ్చేశాయి. కన్నతల్లిని, సంతోషించాలి కదా? నా దగ్గర లేని ఆ నవ్వు ఆవిడ దగ్గరెందుకు?

వారం తిరగ్గానే, "ఇక ఆకులు వేరేచోట చూసుకో, తలుపులమ్మా. పిల్ల చదువు పాడవుతోంది" అన్నాను.

"అలాగేనండి" అని కొడవలి బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు పిల్ల పుస్తకం ముట్టలేదు. పరీక్ష పది రోజుల్లోకి వచ్చేసింది. ఇక లాభంలేదని నేనే ఆకులు కోసి, చీపురుపుల్ల తెచ్చి, దాని ఎదురుగా నేలమీద చతికిలబడ్డాను.

"నాకివేవీ రావే తల్లీ. నువ్వే నేర్పు."

అది నన్ను జాలిగా చూసింది. "నీకన్నీ వచ్చు కదమ్మా. మామ్మకి నిజంగా రావు."

చెప్పులేసుకుని తలుపులమ్మ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే, "పాపగారికి ఒంట్లో బాగానే ఉందాండీ?" అంది.

"బాగానే ఉంది. నీకు పాఠం చెప్పాలట, రా." ఆ ముక్క అనడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇద్దరం పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి దుర్గాశ్రీ లేచింది. పరుగెత్తబోయి, డాక్టరుగారి మాట గుర్తొచ్చి, మెల్లగా నడిచింది. నేనే ముందున్నాను. నన్ను దాటుకుని ఆవిడ దగ్గరకు వెళ్లింది.