బెల్లు లేని సైకిలు

మా లెక్కల మాస్టారు పోయారని మొన్న సాయంత్రం పెదకాకాని నుంచి ఆఫీసుకు ఫోనొచ్చింది. చేసింది వాళ్ళబ్బాయి. అయ్యో అనాల్సిన చోట నేను "ఏ బండి గుద్దింది?" అన్నాను. "బండేమిటండీ?" అన్నాడు. బడికి సెలవు కదా, మధ్యాహ్నం ఇంట్లోనే అన్నం తిని నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదట. ఏ బండీ గుద్దలేదు. అయినా నా నోట ముందు ఆ ప్రశ్నే వచ్చింది. ఎందుకో చెప్పాలి.

ఆయన బడికీ, నేను ఆఫీసుకీ రోజూ గుంటూరు దాకా సైకిళ్ళ మీద కలిసి వెళ్ళేవాళ్ళం. రోడ్డు వారన మిరపకాయలు ఆరబోసిన చోటల్లా ఆయన దిగి నడిపించుకుంటూ వెళ్ళేవారు. దారిలోకి దొర్లిన కాయ కనిపిస్తే వంగి తీసి మళ్ళీ ఆరబోసిన వాటిలో వేసేవారు. "రోడ్డు అందరిదీ, కాయలు మాత్రం వాళ్ళవిరా" అనేవారు.

మోకాళ్ళ నొప్పికి తాళలేక నేను బ్యాటరీతో నడిచే సైకిలు కొన్నాను. దాంతో టీ కొట్టు దగ్గర రెండు జట్లు తయారయ్యాయి. తొక్కనిది సైకిలెలా అవుతుందని ఒకరు, పెట్రోలూ లైసెన్సూ అక్కర్లేదు, చొక్కాకి చెమట పట్టదని ఇంకొకరు. మాస్టారు గ్లాసు కింద పెట్టి, "మోటారు బండి చప్పుడు చేసి వస్తున్నానంటుంది. సైకిలు నెమ్మదిగా వస్తుంది. నీ బండికి చప్పుడూ లేదు, నెమ్మదీ లేదు. నాకు భయంగా ఉందిరా" అన్నారు. అందరూ నవ్వారు. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

నిరుడు ఎండాకాలం, ఘాటుకి ముక్కూ చెవులూ కలిపి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ, వంగి వెనక్కి నడుస్తూ కాయలు తిరగేస్తోంది. నా బండి హారను కీచుమంది. ఆవిడకి వినపడలేదు. బ్రేకు నొక్కి పక్కకి తిప్పినా హ్యాండిలు భుజానికి తగిలి, ఆవిడ కాయల్లో పడిపోయింది. దెబ్బలేమీ తగల్లేదు. లేచి కూర్చుని, నన్ను చూసి, "ఎటునుంచొచ్చావయ్యా?" అంది. ఆ మాట ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది.

వెనకే వచ్చిన మాస్టారు ఆవిడకు మంచినీళ్ళిచ్చారు. మర్నాడు పొద్దున్నే స్పానరు పట్టుకుని మా ఇంటికొచ్చి, తన సైకిలు బెల్లు విప్పి నా బండికి బిగించారు. రెండు పొలాల అవతలికి వినపడే పాతకాలపు బెల్లు అది. మరి మీకో అంటే, "నా వేగానికి నా గొంతు చాల్లేరా" అన్నారు. ఎంత చెప్పినా మరొకటి కొనుక్కోలేదు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర వెనక్కి వచ్చే లారీలకు ఆ గొంతు ఏం వినపడుతుందని ఏడాదంతా హడలిపోయాను. ఫోన్లో నేనడిగిన ప్రశ్న ఆ భయానిదే.

దహనం అయ్యాక చూస్తే ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది. హ్యాండిలు మీద బెల్లున్న చోట, ఉంగరం తీసిన వేలికిలా తెల్లటి మచ్చ. మళ్ళీ దానికే బిగిద్దామని నా బండి బెల్లు విప్పబోయాను. మాస్టారి భార్య చూసి, "రేపు కూడా నువ్వా రోడ్డునే పోవాలిగా నాయనా. ఉండనీ" అన్నారు.

తిరిగొస్తుంటే రోడ్డు వారన మళ్ళీ కాయలు, మళ్ళీ చెవులకు తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ. దూరం నుంచే బెల్లు కొట్టాను. తల తిప్పకుండానే ఒకడుగు పక్కకి జరిగింది. అయినా నేను బండి దిగాను. కాయలు దాటేదాకా నడిపించుకుంటూ, బెల్లు కొడుతూనే ఉన్నాను.